టీకాల ప్రచారం: ముందు జ్వరం సంగతి చెప్పండి

దేవరకొండ వైపు తండాల్లో చిన్నపిల్లల టీకాల గురించి మీ యువజన సంఘం ప్రచారం చేయబోతోందని, ర్యాలీ, గోడరాతలు, కరపత్రాల్లో ఏది మేలని అడిగారు. నేను నారాయణపేట వైపు చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. ర్యాలీ వద్దనను, ఫొటోలు బాగా వస్తాయి. కానీ టీకా మానేసిన ఇళ్లలో అది మంచిదని తెలియనివాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

వాళ్లను వెనక్కి లాగింది జ్వరం. ఆరు వారాల బిడ్డకు ఎడమ తొడకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులను అడ్డుకునే టీకా) సూది వేస్తారు. ఆ రాత్రి కొందరు పిల్లలకు ఒళ్లు కాలుతుంది, తొడ వాస్తుంది, ఇల్లంతా జాగారం. ఒక నానమ్మ నన్ను నిలదీసింది: "బాగున్న పిల్లకు జ్వరం తెప్పించారు. కోడలు పత్తి ఏరడానికి పోలేదు. ఆ కూలి నువ్విస్తావా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే సూదికి ముందే చెప్పాలి: జ్వరం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు, ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సమ్మ) చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేయాలి, వాచినచోట తడిగుడ్డ చాలు, పసర్లు రాయకూడదు. తగ్గకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పాలి. పుట్టగానే వేసే క్షయ టీకా బీసీజీ వేసిన భుజం మీద కొన్ని వారాలకు పొక్కు లేచి మచ్చ పడటం మామూలేనని తెలియక హడలిపోయేవాళ్లూ ఉన్నారు. ఇదంతా తల్లికి చెప్పి వచ్చేస్తే సరిపోదు, అత్తగారు కూడా వినాలి. తండాలో లంబాడీ భాషలో చెబితే ఇంకా మంచిది. ఆ భాష వచ్చినవాళ్లు మీ సంఘంలోనే ఉంటారు కదా.

రెండోది వలస. 14 వారాల వయసులో వేసే సూది అయ్యాక తట్టు-రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాకే. ఈలోగా కుటుంబం పుణెకో ముంబయికో పనికి వెళ్లిపోతుంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉచితంగానే వేస్తారని, వెంట టీకాల కార్డు తీసుకెళ్లాలని చాలామందికి ఎవరూ చెప్పరు. తిరిగొచ్చాక గడువు దాటిందని, నర్సమ్మ తిడుతుందని ముఖం చాటేస్తారు. మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. కరపత్రం వేసేటట్లయితే ఈ ఒక్క ముక్కా పెద్ద అక్షరాల్లో వేయండి.

ఆ నెల టీకా వేయాల్సిన పిల్లల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఆమెను వెంటబెట్టుకుని, కూలి నుంచి ఇళ్లకు చేరే వేళకు, వలస వెళ్లబోయే ఇళ్లకు ముందుగా వెళ్లండి.