చార్లెట్ పాస్ చైను బండిలో పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

జూలైలో మీ అమ్మానాన్నలు సిడ్నీ వస్తున్నారని, అక్కడి మంచుకొండల్లో స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) ఊరైన చార్లెట్ పాస్ దాకా చలికాలంలో కారు వెళ్లదట, మంచు మీద నడిచే చైను బండి ఎక్కాలట, అది పెద్దవాళ్లకు పనికొస్తుందా, అసలు ఆ బండ్లు ఎలా పుట్టాయి అని అడిగారు కదండీ. నిశ్చింతగా తీసుకెళ్లండి. 2018 ఆగస్టులో నేను మావాళ్లతో వెళ్లొచ్చాను.

కొండ కింద బుల్లక్స్ ఫ్లాట్ స్టేషన్ నుంచి పైన పెరిషర్ స్కీ కేంద్రం దాకా స్కీట్యూబ్ రైలు ఉంది, 1987 నుంచీ నడుస్తోంది. అక్కణ్ణుంచి చార్లెట్ పాస్ దాకా ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు చలికాలమంతా మంచు కిందే. బండిని చూడగానే మా నాన్న "ఇది మన చైను మిషనే కదరా" అన్నారు. తడి ఆరని వరిచేలో టైర్ల హార్వెస్టర్ దిగబడుతుందని చైను మిషన్ను పిలిపిస్తాం చూడండి, ఇక్కడా అదే కిటుకు. బరువంతా చక్రాల చుట్టూ తిరిగే వెడల్పాటి పట్టాల మీద పరుచుకుంటుంది. మనిషి మోకాలి దాకా కూరుకుపోయే చోట టన్నుల బరువున్న బండి పైపైనే వెళ్లిపోతుంది. నాన్న వంగి, రబ్బరు పట్టాలకు అడ్డంగా బిగించిన ఇనప కమ్మీల్ని వేలితో తట్టి చూశారు. వాటి మధ్య మంచు గడ్డకట్టి ఉంది. డ్రైవరు బయల్దేరే ముందు దాన్ని పారతో గీకి తీశాడు.

ఇవి సరదా కోసం పుట్టిన బండ్లు కావు. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం వాల్‌కోర్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుకుకి కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరింది. దార్లన్నీ మంచుతో మూసుకుపోయి, బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. బిడ్డ పోయాడు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. 1937లో రబ్బరు పట్టాను తిప్పే పళ్ల చక్రానికి ఆయన పేటెంట్ తెచ్చుకున్నాడు. ఏడుగురు కూర్చునే బి7 అనే మంచుబండి వచ్చింది, 1942లో పన్నెండు మందికి బి12. ముందు స్కీలు (మంచు మీద జారే పలకలు), వెనక పట్టాలు, గుండ్రటి కిటికీలు. డాక్టర్లు, టపా, బడిపిల్లలు అందులోనే తిరిగేవారు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి స్టూడీబేకర్ కంపెనీ వీజెల్ అనే చైను బండ్లు చేసింది. యుద్ధం అయ్యాక మిగిలినవి స్కీ కొండలకు చేరాయి. 1969లో జర్మనీలోని బస్సుల కంపెనీ కేస్‌బోరర్, పిస్టెన్‌బుల్లీ అనే బండిని తెచ్చింది. స్కీ వాలుల్ని చదును చేసే ఈ రకం బండి మీదే క్యాబిన్ పెట్టి మనుషుల్నీ ఎక్కించుకుంటారు.

చార్లెట్ పాస్‌లో దీనికి ప్రత్యామ్నాయం కూడా చూశారు. 1964లో థ్రెడ్‌బో లోయ వైపు నుంచి కొండల మీదుగా, తీగకు వేలాడే కుర్చీల్లో మనుషుల్ని తీసుకెళ్లే చెయిర్‌లిఫ్ట్ వేశారు. గాలులకు, పేరుకునే మంచుకు అది నిలబడలేదు, రెండు చలికాలాలకే మూతపడింది. చైను బండి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. గాలికి ఊగే కుర్చీ కన్నా నేలను పట్టుకుని పాకే బండే ఆ కొండకు సరైనదని నా గట్టి నమ్మకం.

ఇక పెద్దవాళ్ల సంగతి. మెట్టు ఎత్తుగా ఉంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నేను కింద, నాన్న పైన పట్టుకుని ఎక్కించాం. లోపల ఇంజను మోత గట్టిగా ఉంటుంది, అద్దాలకు ఆవిరి పట్టి బయటేమీ కనపడదు. బండి ఓ పక్కకి ఒరిగినప్పుడు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాకు ముప్పావు గంట పట్టింది. వాంతులయ్యేవాళ్లయితే ముందు ఖాళీ కడుపుతో ఉంచకండి, మరీ ఎక్కువా పెట్టకండి.

మేం చేసిన పొరపాటు మీరు చెయ్యొద్దు. బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో పెట్టాం. సామాను వేరే బండిలో వెళ్లి, రెండు గంటలు ఆలస్యంగా చేరింది. మందులు, స్వెట్టర్లు, మంచినీళ్ల సీసా చేతిసంచిలోనే పెట్టుకోండి. మంచు తుపాను పడితే బండ్ల టైములు మారతాయి, కాబట్టి కొండ దిగి తిరిగొచ్చే రోజునే ఫ్లైటు పెట్టుకోవద్దు.