మావాడు ఎంసెట్ వద్దంటాడు, న్యూట్రినోలు చదువుతానంటాడు

కావలి దగ్గర రొయ్యల గుంటలు చేసే ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ద్రవ జెనాన్ ట్యాంకులో సూర్యుడి న్యూట్రినోలు పట్టుకుంటారంట, అదే చదువుతానని పట్టుబట్టాడు. అది తిండి పెడుతుందా?"

అన్నా, న్యూట్రినోలంటే సూర్యుడి లోపల పుట్టే అతి చిన్న కణాలు, జెనాన్ అంటే ఒక వాయువు. ముందు ఆ ట్యాంకు సంగతి వినండి, మీకైతే ఇట్టే అర్థమవుతుంది. గుంటలో ఏరేటర్ ఒక్క రాత్రి ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలుతుందని కాపలా కాస్తారు కదా, అక్కడా అదే కాపలా. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెనాన్ఎన్‌టీ అని ఒక డిటెక్టర్ ఉంది. ఎనిమిదిన్నర టన్నుల జెనాన్‌ను మైనస్ 95 డిగ్రీల చుట్టుపక్కల ద్రవంగా నిలబెట్టి, తప్పుడు సంకేతాలిచ్చే రేడాన్, క్రిప్టాన్ వాయువుల్ని అందులోంచి తీసేస్తూ రేయింబవళ్లు తిప్పుతూనే ఉంటారు. ఎందుకంత తిప్పలంటే, సూర్యుడి నుంచి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 6,500 కోట్ల న్యూట్రినోలు వచ్చిపడుతున్నా దాదాపు అన్నీ దేన్నీ తాకకుండా దూసుకుపోతాయి. 2024లో వాళ్లు చెప్పిన లెక్క చూడండి: జెనాన్ కేంద్రకాన్ని న్యూట్రినో తట్టినట్టున్న సంకేతాలు మొత్తం 37, అందులో వేరే కారణాలతో వచ్చేవే 26 దాకా ఉంటాయని అంచనా. మిగిలిన పదకొండు కోసం అంత పెద్ద యంత్రం! అదీ ఇంకా 'కనిపెట్టాం' అనేంత గట్టి రుజువు కాదు, గట్టి సూచన మాత్రమే.

ఇందులో పాత కథ ఒకటుంది. అమెరికాలో హోమ్‌స్టేక్ బంగారు గనిలో రే డేవిస్ అనే శాస్త్రవేత్త ట్యాంకు పెట్టి లెక్కపెడితే సూర్యుడి న్యూట్రినోలు రావలసిన వాటిలో మూడో వంతే కనిపించాయి. దారిలో అవి రకం మారిపోతున్నాయని, ఆయన ట్యాంకుకు ఒక్క రకమే అందుతుందని తర్వాత తేలింది. జెనాన్ కేంద్రకం అలా కాదు, న్యూట్రినోల మూడు రకాల్లో ఏది తట్టినా ఒకేలా కదులుతుంది. డేవిస్ ట్యాంకు ఉన్న ఆ గుహలోనే ఇప్పుడు ఎల్‌జెడ్ అనే పది టన్నుల జెనాన్ డిటెక్టర్ నడుస్తోంది.

ఇక చదువు. డిగ్రీలోనే న్యూట్రినో కోర్సు అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, కావలసింది గట్టి ఫిజిక్స్. మీకు దగ్గరలో ఏర్పేడు దగ్గర తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 బయాలజీవే, మన ఎంపీసీ పిల్లలు అక్కడే బోల్తా పడతారు, కాబట్టి వాణ్ణి ఆ పుస్తకం కాస్త తిరగేయమనండి. సీటు రాకపోతే మంచి కాలేజీలో బీఎస్సీ చేసి ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసినా దారి మూసుకుపోదు.

దాచకుండా చెప్తున్నా, పీహెచ్‌డీ అయ్యేసరికి ఇంటర్ తర్వాత పదేళ్లు దాటుతాయి. నెట్ జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే భృతి) వస్తే నెలకు 37,000 రూపాయలు, మీ మీద భారం తగ్గుతుంది. ఇంత పెద్ద జెనాన్ డిటెక్టర్ మన దేశంలో లేదు, బయటికి వెళ్లక తప్పదు. అందరూ సైంటిస్టులూ కారు. అయితే వాక్యూమ్, అతిశీతల యంత్రాలు, ఎలక్ట్రానిక్స్, డేటా లెక్కలు చేత్తో నేర్చినవాడు ఖాళీగా కూర్చోడు. తిండికి టెన్షన్ లేదు, ఆలస్యానికే ఓపిక కావాలి.

వాడి ఓపిక ఎంతో చూడాలంటే ఒక వారం రాత్రుళ్లు గుంట దగ్గర గంటగంటకూ డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు రాయమనండి. మూడో రాత్రికీ నాలుగో రాత్రికీ తేడా ఎందుకొచ్చిందని వాడే వచ్చి అడిగితే ఇక అడ్డుచెప్పకండి. ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) మాత్రం ఎందుకైనా మంచిది, రాయనివ్వండి.