అయిర చేపకు పేను పట్టలేదు, రెండో డోసు వేయొద్దు

ప్రశ్న: మాది నగరి దగ్గర పల్లె. తమిళనాడులో అయిర చేపకు మంచి రేటుందని, పది సెంట్ల గుంటలో అడుగున రోబో ఇసుక పోయించి, వాగులో పట్టిన చేపలు పది కిలోలు వదిలాను. ఇసుకలో ఒళ్లు రుద్దుకుంటున్నాయి, మధ్యమధ్యలో పైకొచ్చి గాలి మింగి కిందికి పోతున్నాయి. పేను పట్టిందని మందుల షాపాయన సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు ఇచ్చాడు. పోసిన మర్నాటి నుంచి చేపలు చస్తున్నాయి. రెండో డోసు వేయమంటున్నాడు, వేయాలా?

జవాబు: వేయొద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ జబ్బు కాదు, ఆ చేప తీరే అంత. వేలెడంత ఉండే ఈ చేప పగలు ఇసుకలో దూరి కళ్లు మాత్రం బయటపెట్టుకుని ఉంటుంది, చీకటి పడ్డాక మీసాలతో అడుగు వెతుక్కుంటూ పురుగులు, నాచు తింటుంది. గాలి మింగడమూ మామూలే, మింగిన గాలిలోని ప్రాణవాయువును పేగుతో పీల్చుకుంటుంది. శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గర వేడినీటి బుగ్గల్లో దొరికిన చేపను చూసి 1846లో దీని శాస్త్రీయ నామంలో థర్మాలిస్ (వేడికి సంబంధించినది) అని పెట్టారంటే ఎంత గట్టిదో చూడండి. అయితే తెల్లవారుజామున అన్నీ కలిసి పైకొస్తుంటే మాత్రం నీళ్లలో గాలి తగ్గినట్టే.

పేను అయితే కంటికే కనిపిస్తుంది. ఐదు చేపల్ని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వదిలి చూసుంటే తేలిపోయేది. చూడకుండానే మందు అమ్మిన షాపాయన్ని ఏమనాలి? సైపర్‌మెత్రిన్ చేపలకు విషం, పైగా నీళ్లలో నిలవకుండా అడుగు మట్టికి అంటుకుంటుంది. మీ చేప పడుకునేది సరిగ్గా అక్కడే.

రెండో తప్పు మీది. రోబో ఇసుక అంటే పగలగొట్టిన రాయి, అంచులు పదునుగా ఉంటాయి. అందులో దూరిన చేపకు పొట్ట గీరుకుపోతుంది, మీసాలు అరుగుతాయి. వాగుల్లో, చెరువు కింది కాలువల్లో, వరి మడుల్లో ఇది ఉండేది సన్నని మెత్తటి అడుగు మీద, నెమ్మదిగా పారే లోతులేని నీళ్లలో.

ఇప్పుడు బతికున్నవాటిని ఈరోజే సిమెంటు తొట్టిలోకి మార్చండి. బోరు నీళ్లయితే ముందు బాగా గాలి కొట్టించి ఆ తర్వాతే చేపల్ని వదలాలి. మొదటి రోజు మేత వద్దు. గుంట నీళ్లు వాగులోకి గానీ కాలువలోకి గానీ వదలకండి, మీ ఖాళీ పొలంలోనే ఇంకనివ్వండి. ఇసుకంతా ఎత్తేసి, గుంటను 15 రోజులు పగుళ్లు వచ్చేదాకా ఎండబెట్టండి. మట్టి పరీక్ష చేయించి, ఉదజని సూచిక (పీహెచ్) 6.5 - 7.5 మధ్య ఉంటే వ్యవసాయ సున్నం 15 కిలోలు చల్లండి, చాలు. వారం తర్వాత సన్నని ఏటి ఇసుక రెండు మూడు అంగుళాలు పరిచి, రెండడుగుల నీళ్లు పెట్టండి. తొందరపడి అన్నీ వదిలేయకుండా పది చేపల్ని అడుగు తగిలేలా హాపాలో (నీళ్లలో కట్టే వల సంచి) 48 గంటలు ఉంచి చూడండి. ఒక్కటి చచ్చినా ఆగి, నీళ్లు మార్చండి.

మేత పొద్దున కాదు, సూర్యాస్తమయం తర్వాత. తవుడు, వేరుశనగ చెక్క కలిపి చేపల బరువులో 2 శాతం, అంటే పది కిలోల చేపకు 200 గ్రాములు. పళ్లెంలో పెట్టి అడుగుకు దించండి, పొద్దునకి మిగిలితే తగ్గించండి. ఇంకో మాట, వానలప్పుడు వాగులో పట్టుకురాకండి, అది గుడ్లు పెట్టే కాలం.

సీసాలో మిగిలిన సైపర్‌మెత్రిన్ పారేయడం ఎందుకని వరిలో ఆకుముడతకు కొట్టేస్తారేమో, అదీ వద్దు. వరిలో ఈ రకం మందులు కొడితే సుడిదోమ (వరి దుబ్బు రసం పీల్చే పురుగు) ఇంకా పెరుగుతుంది. అప్పుడు దోమకి ఇంకో మందంటూ మళ్లీ అదే షాపుకి వెళ్తారు.