కూలింగ్‌లో ఉన్న పాపకి మార్ఫిన్ మత్తు - మీ డౌటుకి సమాధానం

పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందని పాపని కూలింగ్‌లో (మెదడుని కాపాడటానికి ఒళ్ళు చల్లబరిచే చికిత్స) పెట్టారు, నొప్పి తగ్గించే మత్తుమందు మార్ఫిన్ మొదలెట్టాక కదలట్లేదు, మెదడు ఇంకా దెబ్బతిందేమో అని అడిగారు కదండీ. కదలట్లేదని ఒక్కదాన్నే చూసి అలా అనుకోకండి, 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఒళ్ళు చల్లగా ఉంచితే లివర్ నెమ్మదిస్తుంది, పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందని బిడ్డకి కిడ్నీలు కూడా దెబ్బతిని ఉండొచ్చు, దాంతో మార్ఫిన్ ఒంట్లోంచి త్వరగా పోక పేరుకుంటుంది, ఊపిరి కూడా మందగించొచ్చు. అలాగని మందు ఆపేయమని మాత్రం పట్టుబట్టకండి, నొప్పీ వణుకూ ఉంటే కూలింగ్ మేలు తగ్గుతుంది.

పెయిన్ స్కోర్ (పాప ముఖం, ఏడుపు లాంటివి చూసి నొప్పికి వేసే మార్కులు) చూసి డోసు సర్దుతున్నారా అని డాక్టర్‌గారిని అడగండి. డెక్స్‌మెడెటోమిడిన్ అనే ఇంకో మత్తుమందు గురించి కూడా అడగండి, దాంతో ఊపిరికి ఇబ్బంది తక్కువ, వణుకూ తగ్గుతుంది, కాకపోతే కూలింగ్‌లో అసలే తక్కువుండే గుండె వేగం ఇంకా పడిపోవచ్చు, పైగా ఇంత చిన్నపిల్లల్లో దాని మీద రీసెర్చ్ ఇంకా తక్కువే. ఫిట్స్‌కి ఫినోబార్బిటాల్ ఇస్తుంటే దాని మత్తూ కలుస్తుంది, అది నొప్పి మందు కాదు.

మెదడు సంగతి ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల్ని చూసే పరీక్ష), తర్వాత ఎమ్మారై చూసి చెప్తారు. ఈలోగా సిస్టర్ ఒప్పుకుంటే, మడమకి సూది గుచ్చేటప్పుడు ఒక చెయ్యి తల మీద, ఇంకోటి ముడిచిన కాళ్ళ మీద కదపకుండా ఆనించి ఉంచండి.