థార్ ఎడారి ఎలుకలో కొరడా పురుగు: కొత్త జాతి అనే ముందు

జైసల్మేర్ దగ్గర జెర్బిల్ ఎలుక అంధనాళంలో (పెద్దపేగు మొదటి భాగం) దొరికిన మగ ట్రైక్యూరిస్ (కొరడా పురుగు) పురుగుల స్పిక్యూల్ (జతకట్టేటప్పుడు వాడే సూదిలాంటి అవయవం) పుస్తకంలో ఉన్నదానికంటే పొడవుగా ఉందని, పురుగులన్నీ ఫార్మలిన్‌లో ఉన్నాయని, కొత్త జాతిగా ప్రకటించవచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండి.

ట్రైక్యూరిస్‌లో ఇదే పెద్ద చిక్కు. అతిథేయి (పురుగు బతికే జంతువు) మారితే ఒకే జాతి పురుగుల కొలతలు కూడా మారిపోతాయి. అందుకే స్పిక్యూల్ పొడవు ఒక్కదాన్నే నమ్మకండి. దాని తొడుగు మీది ముళ్ల వరస, ఆడపురుగు యోని నిర్మాణం, గుడ్ల కొలతలు కూడా చూడాలి. వీలైనన్ని పురుగులు కొలవండి.

ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. మళ్లీ సేకరించే అనుమతి ఉంటే కొన్నిటిని నేరుగా 95 శాతం ఇథనాల్‌లో వేయండి. నడుమ నుంచి చిన్న ముక్క డీఎన్ఏకు తీసి, అదే మగపురుగు తోక భాగాన్ని లాక్టోఫినాల్‌లో (పురుగును పారదర్శకంగా చేసే ద్రవం) పెట్టి చూస్తే రెండు ఆధారాలూ ఒకే పురుగువి అవుతాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే.

తేడా నిలబడితే హోలోటైప్‌ను (కొత్త జాతికి ప్రమాణంగా నిలిచే ఒక్క నమూనా) ఎంచి, కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సేకరణలో భద్రపరచండి. ఆన్‌లైన్ పత్రికైతే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక రిజిస్టరు) నమోదు తప్పనిసరి. ఎలుక జాతిని కూడా ఖాయం చేసుకోండి, దాని పుర్రె పారేయకండి.