నెలలు నిండని బిడ్డను బతికించే ప్రయత్నం చేయాలా వద్దా అని డాక్టర్లు తల్లిదండ్రుల్ని అడగడం న్యాయమేనా?

అమలాపురం వైపు 24 వారాలకే కాన్పయిన ఇంట్లో డాక్టరు ఈ మాటంటే కోపం రావడం సహజం. అయినా అడగడం తప్పు కాదు.

నిండు కాన్పంటే 37 వారాలు దాటాలి. 22 నుంచి 25 వారాల బిడ్డకు ఊపిరితిత్తులు సరిగా తయారై ఉండవు, మెదడులో రక్తనాళాలు చాలా సున్నితం. బతికినా చూపు, నడక, చదువు దెబ్బతినవచ్చు. ఒక్క వారం తేడా కూడా పెద్దదే. వెంటిలేటరు, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఇచ్చే సర్ఫాక్టెంట్ మందు ఉన్న పెద్దాసుపత్రిలో పుట్టడం వేరు, లంక ఊళ్లో పుట్టి గోదావరి పాయ దాటి రావడం వేరు. వీలైతే కాన్పుకు ముందే తల్లిని కాకినాడకో రాజమండ్రికో తరలించడం మేలు.

నెలలు నిండి పుట్టి ఏడవని బిడ్డ సంగతి వేరు. మామూలుగా అక్కడ అడగడాలుండవు, మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి అందించాలి. సుమారు 20 నిమిషాలు అన్నీ చేసినా గుండె కొట్టుకోకపోతేనే ఆపే మాట వస్తుంది.

చికిత్స మొదలుపెట్టకపోవడం, పెట్టి ఫలితం లేక ఆపడం నైతికంగా ఒకటేనని చాలామంది వైద్యనీతి నిపుణులంటారు. ఇంట్లోవాళ్లకు అలా అనిపించదు. నాకు ఇబ్బందనిపించేది ఇంకోటి: తల్లి మత్తులో ఉండగానే పెద్దలు ఖర్చు లెక్కేసి, ఆడపిల్లని తెలిశాక "వద్దులెండి" అనేయడం. ఆ "వద్దు"ను డాక్టరు వెంటనే ఒప్పుకోకూడదు.