13 ఏళ్లు వస్తుంటే సమ్మర్ స్విమ్ టీమ్ వద్దంటోంది.. బలవంతం చేయాలా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మేం అమెరికాలో, వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటాం. మా అమ్మాయికి ఈ మే నెలలో 13 నిండుతాయి. ఏడో ఏట నుంచి మా కమ్యూనిటీ పూల్ సమ్మర్ స్విమ్ టీమ్‌లో ఉంది, గోడ నిండా రిబ్బన్లే. ఈసారి రిజిస్ట్రేషన్ మాట ఎత్తగానే 'నేను చేయను' అని తలుపేసుకుంది. ఎందుకంటే 'బోర్' అంటుంది, అంతకు మించి చెప్పదు. ఇన్నేళ్ల శ్రమ వృథా అవుతుందని వాళ్ల నాన్నగారి బాధ. ఒంట్లో ఏమైనా తేడా ఉందా, ఇది బద్ధకమా, బలవంతంగా పంపాలా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, బద్ధకం అనే మాట ముందు పక్కన పెట్టండి. ఆరేడేళ్లు పొద్దున్నే లేచి, జూన్ మొదట్లో ఇంకా చల్లగా ఉండే నీళ్లలో దూకిన పిల్ల బద్ధకస్తురాలు కాదు. 13 ఏళ్ల దగ్గర ఆట మానేయడం చాలా మామూలు. అమెరికాలో కోచ్‌లతో జట్టుగా ఆడే ఆటల్లో చేరిన పిల్లల్లో దాదాపు 70 శాతం మంది 13 ఏళ్లు వచ్చేసరికి మానేస్తున్నారని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024 నివేదికలోనే ఉంది.

మీ ఉత్తరంలో నా కన్ను మొదట పడింది ఆ 'మే నెల' మీద. మీ దగ్గరి నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్‌లో జూన్ 1 నాటికి ఎన్నేళ్లు నిండాయో చూసి గ్రూపు వేస్తారు. అంటే పోయిన వేసవిలో 11-12 గ్రూపులో నడుమ వయసులో ఉన్న మీ అమ్మాయి, ఈ వేసవిలో 13-14 గ్రూపులో అందరికంటే చిన్నవాళ్లలో ఒకరు అవుతుంది. శనివారం ఎ మీట్‌లో (టీముల మధ్య జరిగే అసలు పోటీ) ఒక్కో ఈవెంట్‌కి టీమ్ నుంచి ముగ్గురికే చోటు, ఆ మూడు చోట్లూ చాలావరకు ఏడాది పొడవునా క్లబ్‌లో ఈదే పిల్లలకే వెళ్తాయి. వేసవిలో మాత్రమే ఈదే పిల్లకి చాలాసార్లు సోమవారం బి మీట్ (మిగతా పిల్లలకు అవకాశమిచ్చే చిన్న పోటీ) మిగులుతుంది, రిలేలో పేరుండదు. పోయినేడాది దాకా తనతో పాటు బెంచీ మీద టవల్ కప్పుకుని కూర్చుని, ముంజేతి మీద మార్కర్‌తో ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు రాసుకుని నవ్వుకున్న స్నేహితురాళ్లలో సగం మంది ఈసారి రాకపోవచ్చు కూడా. పిల్లలు ఇదంతా నోటితో చెప్పరు, ఒక్క ముక్కలో 'బోర్' అనేస్తారు. స్నేహితురాళ్లలో ఎవరెవరు చేరుతున్నారో కనుక్కోండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

రెండోది శరీరం. ఆడపిల్లలు ఒక్కసారిగా వేగంగా పొడుగయ్యేది 11, 12 ఏళ్ల మధ్యే, నెలసరి సగటున 12, 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ముందుగా ఎదిగిన పిల్ల పదేళ్లకు, పదకొండేళ్లకు అందరినీ దాటి ముందుంటుంది, రెండేళ్లు తిరిగేసరికి మిగతావాళ్లు అందుకుంటారు. తను చేసే కష్టం అంతే, ఒక్కోసారి ఎక్కువే, అయినా టైమ్ తగ్గదు. కాళ్లూ చేతులూ ఒక్కసారిగా పొడుగై, ఒంటి ఆకారం మారినప్పుడు స్ట్రోక్ తిరిగి కుదురుకోవడానికి ఒక సీజన్ పట్టొచ్చు. 'పోయినేడాది కంటే వెనకపడ్డావే' అని ఇంట్లో ఎవరైనా అని ఉంటే అది లోపల గుచ్చుకునే ఉంటుంది. మగపిల్లల్లో ఇదే కథ ఇంకో రకంగా ఉంటుంది, 13 ఏళ్లకు ఇంకా చిన్నగానే ఉన్న అబ్బాయి గడ్డం మొలుస్తున్న తోటివాడి పక్కన నిలబడి ఈదాలి, ఏడాది ఆగితే తనూ ఎదుగుతాడని చెప్పేవాళ్లు ఉండరు.

నెలసరి గురించి కాస్త విడమరిచి చెప్పాలి, మన ఇళ్లలో ఈ ఒక్క విషయం మాట్లాడుకోకపోవడం వల్ల ఎందరో పిల్లలు పూల్ వదిలేస్తున్నారు. ప్యాడ్ పెట్టుకుని ఈదలేరు, నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోతుంది. తెల్లవారితే మీట్, రాత్రి పీరియడ్ వచ్చింది, కోచ్ ఏమో పాతికేళ్ల కుర్రాడు, అమ్మకు చెబితే 'ఈ మూడు రోజులూ వద్దులే' అంటుంది. అలా రెండు మూడు సార్లు జరిగితే ఏ పిల్లయినా మొత్తానికే మానేద్దాం అనుకుంటుంది. పీరియడ్స్‌లో ఈదితే ఆరోగ్యానికి ఏ హానీ లేదు. రక్తస్రావం తక్కువగా ఉన్న రోజుల్లో పీరియడ్ స్విమ్‌సూట్ (లోపల రక్తాన్ని పీల్చే పొర ఉండేది) సరిపోతుంది, ఎక్కువగా ఉన్నప్పుడు టాంపాన్ (యోని లోపల పెట్టుకునే దూది చుట్ట లాంటిది) వాడొచ్చు. పెళ్లికాని పిల్లలు టాంపాన్ వాడకూడదు, కన్యత్వం పోతుంది అనేది ఒట్టి అపోహ. సరిపడినంతలో చిన్న సైజు తీసుకోవాలి, నాలుగు నుంచి ఎనిమిది గంటల లోపు మార్చాలి, ఎనిమిది గంటలు దాటించకూడదు. తనకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, కానీ దారులున్నాయని తెలియాలి. మీరే కూర్చోబెట్టి చెప్పండి, మీకు బిడియంగా ఉంటే తనకు చనువున్న పిన్నితోనో అక్కతోనో చెప్పించండి.

దీనికి తోడు రంగు గోల. వారానికోసారి వీడియో కాల్‌లో అమ్మమ్మో మేనత్తో 'ఏంటే ఇంత నల్లబడిపోయావు, ఇక ఆ ఈత చాలు' అంటారు. వాళ్లకు అది ప్రేమే, కానీ ఒంటిని అద్దంలో చూసుకుని దిగులుపడే వయసులో ఆ మాట పిల్లను నీళ్లలోంచి బయటికి లాగేస్తుంది. ఆ ఫోన్ మాటలు మీరే ఆపాలి, ఆ పని పిల్ల చేయలేదు. ఎండకు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న వాటర్ రెసిస్టెంట్ సన్‌స్క్రీన్ రాయండి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ. అది తెల్లబడటానికి కాదు, చర్మం కాలకుండా ఉండటానికి. ఒళ్లు కప్పే స్విమ్‌సూట్ కావాలంటే ప్రాక్టీస్‌కి నిశ్చింతగా వేసుకోనివ్వండి.

ఇప్పుడు మీరు అడిగిన ఆరోగ్యం సంగతి. వీటిలో ఏదైనా ఉంటే పీడియాట్రీషియన్‌కి చూపించండి: మెట్లెక్కినా ఆయాసం, ఎప్పుడూ నీరసం, ఐసు ముక్కలు నమలాలనిపించడం (పీరియడ్స్ మొదలైన శాకాహారి పిల్లల్లో ఐరన్ లోపం బాగా కనిపిస్తుంది, హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడమనండి), ఈదిన కాసేపటికి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, చెవి లాగితే నొప్పి, చెయ్యి పైకెత్తితే భుజం నొప్పి. నొప్పి ఉన్న పిల్లలు చాలాసార్లు నొప్పి అనరు, 'ఇష్టం లేదు' అంటారు. వీటికి మంచి వైద్యం ఉంది, కొన్నాళ్లు విశ్రాంతి అవసరమైనా ఆట పూర్తిగా మానక్కర్లేదు.

ఇంకో రెండు విషయాలు మాత్రం వాయిదా వేయకండి. ఈత ఒక్కటే కాకుండా స్నేహితులు, డాన్స్, తనకిష్టమైనవన్నీ వదిలేస్తుంటే, నిద్ర, తిండి మారిపోతే, బరువు గురించి అదే పనిగా మాట్లాడుతుంటే అది పూల్ సమస్య కాదు, వెంటనే డాక్టర్‌ను కలవండి. అలాగే లాకర్ రూమ్‌లో గానీ పూల్ గట్టు మీద గానీ ఎవరైనా ఏడిపించారా, ఫోటోలు తీశారా, పెద్దవాళ్లెవరైనా ఇబ్బందిగా ప్రవర్తించారా అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగేటప్పుడు కారులో పక్క సీట్లో ఉంటే మేలు, ఎదురుగా కూర్చుని అడిగితే విచారణలా అనిపిస్తుంది.

ఇవేవీ లేవని తేలితే బలవంతం చేయొద్దు. జూన్, జూలైలలో ఆరేడు వారాల సీజన్ కోసం ఇంట్లో రోజూ గొడవ పడితే నీళ్లంటేనే విసుగు పుడుతుంది. పైగా మనవాళ్లకు స్కూల్ మూయగానే హైదరాబాద్, విజయవాడ ప్రయాణం ఉంటుంది, సీజన్ మధ్యలో వెళ్లి వచ్చేసరికి రిలే టీమ్‌లు ఖరారైపోతాయి, ఆ బాధ కూడా కలిసి ఉండొచ్చు. మీట్స్ లేకుండా ప్రాక్టీస్ ఒక్కటే, లేదా బి మీట్స్ మాత్రమే కుదురుతుందేమో కోచ్‌ని అడగండి. చిన్నపిల్లలకు నేర్పే వాలంటీర్‌గా రమ్మంటే ఈ వయసు పిల్లలు మహా ఉత్సాహంగా వెళ్తారు, పోటీ పోతుంది, పూల్ మిగులుతుంది. హైస్కూల్ టీమ్‌లో తొమ్మిదో తరగతిలో చేరే అవకాశం ఎలాగూ ఉంది. ఇవన్నీ వద్దన్నా, ఏదో ఒక ఆటతో రోజుకు గంటసేపు ఒళ్లు కదిలితే చాలు, అది బాస్కెట్‌బాల్ అయినా కూచిపూడి అయినా సరే.

వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి, నేర్చుకున్న ఈత ఎక్కడికీ పోదు. లోతు నీళ్లలో పడినా భయపడకుండా తేలి ఒడ్డుకు చేరగల పిల్ల మీకుంది. ఆ రిబ్బన్లు తీయాలా ఉంచాలా అన్నది తననే నిర్ణయించుకోనివ్వండి.

వచ్చే వార్షిక చెకప్‌లో మీరు కాసేపు బయట కూర్చుని, పిల్లను డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. అమెరికాలో ఈ వయసు నుంచి అది మామూలే, మీరు అడక్కపోయినా చాలామంది డాక్టర్లు అలాగే చేస్తారు. నెలసరి, భుజం, స్నేహాలు, బరువు, అమ్మ ముందు నోరు పెగలనివన్నీ అక్కడ బయటికొస్తాయి. రిజిస్ట్రేషన్ గడువు ఈ లోపే అయిపోతుంటే, ఆలస్యంగా చేర్చుకుంటారో లేదో టీమ్‌కి ఒక మెయిల్ పెట్టి ఉంచండి.